నోరు తెరిచి చూసుకుందాం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో చదువును గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని అడగడం అలవాటు. ఈసారి ఆరోగ్యం గురించి చెప్పమన్నారు. మేము వైద్యులం కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు అలిఫ్, బే నేర్పుకునే వాళ్ళం. అయినా నోటి సంగతి మాట్లాడడానికి పంతులుకు కొంత హక్కు వున్నదనుకుంటాము. రోజూ నలభై నోళ్ళు మా ఎదుట తెరుచుకుంటాయి. 'ఖాఫ్' గొంతులోనుంచి రావాలనీ, 'ఆ' అన్నప్పుడు నోరు నిండుగా తెరవాలనీ చెప్పే పని మాది. ఏ పిల్లవాడి మాట ఎప్పుడు మారిందో తల్లికి తరువాత మాకే తెలుస్తుంది. ఇక్కడ చెప్పబోయే వైద్య విషయాలు మాత్రం మా సొంతం కావు. పళ్ళ ఆస్పత్రి డాక్టర్లను అడిగి, పుస్తకాలు చదివి తెలుసుకున్నవి.

కంటికి జబ్బు చేస్తే పరుగెత్తుతాం. కడుపులో నొప్పి వస్తే స్కానింగు తీయిస్తాం. నోట్లో పుండు పడితే మాత్రం మన ఇళ్ళలో వినిపించే మాట ఒక్కటే - "వేడి చేసింది." మజ్జిగ తాగమంటారు, సబ్జా గింజలు నానబెట్టి ఇస్తారు, మందుల షాపులో బి-కాంప్లెక్స్ బిళ్ళలు కొనుక్కొస్తారు. ఇందులో తప్పేమీ లేదు. మామూలు నోటిపూత ఏ మందూ వెయ్యకపోయినా వారం పదిరోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో మానిపోతుంది. చిక్కంతా రెండు వారాలు దాటినా మానని పుండు విషయంలో వస్తున్నది. దానికీ వేడి అనే పేరే పెట్టి నెలలు గడిపేస్తాం. అంచేత ఈ రోజు మీ అందరికీ మేము చేసే మొదటి మనవి ఇది: "వేడి చేసింది" అనే మాటకు రెండు వారాల గడువు పెట్టండి. పుండు గాని, తెల్ల మచ్చ గాని, ఎర్ర మచ్చ గాని, గడ్డ గాని, మొద్దుబారడం గాని పదిహేనో రోజుకు కూడా అలాగే వుంటే, నొప్పి లేకపోయినా సరే, డాక్టరుకు చూపించాలి. నొప్పి లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం సరికాదు. నోటి కాన్సరు తొలిదశలో చాలామందికి నొప్పి వుండదు.

శరీరం లోపలి భాగాల్లో ఏ యంత్రమూ లేకుండా మనం చూసుకోగలిగినది నోరు. నెలకు ఒకసారి, పళ్ళు తోముకున్న తరువాత, వెలుతురులో అద్దం ముందు నిలబడండి. పెదవులు తిప్పి లోపలివైపు చూడండి. రెండు బుగ్గలూ వేలితో లాగి చూడండి. నాలుక చాపి, రెండు అంచులూ చూసి, ఆ తరువాత నాలుకను అంగిలికి ఆనించి దాని కింది భాగం చూడండి. తల వెనక్కి వాల్చి అంగిలి చూడండి. ఆఖరున దవడ కింద, చెవుల ముందు, మెడ రెండు పక్కలా వేళ్ళతో తడమండి. అయిదు నిమిషాల పని. కట్టుడు పళ్ళున్న పెద్దలు వాటిని తీసి చూసుకోవాలి. ముసలివాళ్ళకు చూపు ఆనకపోతే పిల్లలు చూడాలి.

ఇక అరుదుగా వచ్చేవీ, వచ్చినా మరొకటి అని పొరపాటుపడేవీ కొన్ని జబ్బులు చెబుతాము.

ముందు ఉమ్మి సంగతి. మన నోట్లో రోజుకు అరలీటరు మొదలు లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. దీన్ని చేసే పెద్ద గ్రంథులు మూడు జతలు. చెవుల ముందు ఒక జత, దవడ కింద ఒక జత, నాలుక కింద ఒక జత. ఇవిగాక పెదవుల్లో, బుగ్గల్లో, అంగిలిలో చిన్నవి కొన్ని వందలున్నవి. పెద్ద గ్రంథుల నుంచి సన్నని గొట్టాల ద్వారా ఉమ్మి నోట్లోకి వస్తుంది. ఆ గొట్టంలో సున్నపు పదార్థం పేరుకుని రాయి కట్టవచ్చు. మూత్రపిండంలో రాళ్ళు అందరికీ తెలుసు. ఉమ్మి గొట్టంలో రాయి అంటే నమ్మరు. ఈ రాళ్ళలో పదింట ఎనిమిదికి పైగా దవడ కింది గ్రంథిలోనే వస్తాయి. అక్కడి ఉమ్మి చిక్కన, గొట్టం పొడుగు, పైగా అది కింది నుంచి పైకి ఎక్కాలి.

మా దగ్గరి బంధువు ఒకాయన, వరసకు మామూజాన్, రెండేళ్ళు ఈ బాధ పడ్డారు. భోజనానికి కూర్చోగానే దవడ కింద నిమ్మకాయంత వాపు, పొడుస్తున్నట్టు నొప్పి. తిన్న గంటకు తగ్గిపోయేది. పన్ను పోటు అనుకుని రెండు దవడ పళ్ళు పీకించారు. వాపు పోలేదు. రంజాన్ నెలలో పగలంతా హాయిగా వుండి, ఇఫ్తార్ వేళ నిమ్మ షర్బత్ ఒక గుటక వెయ్యగానే వాపు వచ్చేది. ఆఖరుకు ఒక పళ్ళ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్నే "తినేటప్పుడు వస్తుందా, ఎప్పుడూ వుంటుందా?" అని. పులుపు తగిలితే గ్రంథి ఉమ్మిని తోస్తుంది; దారిలో రాయి అడ్డం; వెనుక ఉమ్మి నిలిచి గ్రంథి ఉబ్బుతుంది. ఆ ఒక్క లక్షణంతోనే జబ్బు సగం తెలిసిపోయింది. ఒక వేలు నోట్లో నాలుక కింద, మరో చేతి వేళ్ళు దవడ కింద పెట్టి తడిమితే బియ్యపు గింజంత గట్టిది తగిలింది. ఎక్సురే, అల్ట్రాసౌండ్ తీసి ఖాయం చేశారు. నాలుక కింద మత్తు సూది ఇచ్చి, చిన్న గాటు పెట్టి తీసేశారు. ఆ సాయంత్రమే ఇంటికి వచ్చారు.

చిన్న రాళ్ళయితే నీళ్ళు బాగా తాగడం, గ్రంథిని వెనుకనుంచి ముందుకు మర్దన చెయ్యడం, పుల్లనిది చప్పరించడం వీటితోనే బయటికి వచ్చేస్తాయి. జ్వరం, చీము వుంటే ముందు యాంటీబయాటిక్ మందులు వాడాలి. ఇప్పుడు పెద్ద ఆస్పత్రుల్లో సన్నని దుర్బిణీ గొట్టంలోకే పంపి రాయి తీసే పద్ధతి కూడా వచ్చింది. గ్రంథి పూర్తిగా పాడైతేనే దాన్ని తీసెయ్యవలసి వస్తుంది.

తినేటప్పుడు వచ్చిపోయే వాపు వేరు, ఎప్పుడూ వుండే గడ్డ వేరు. చెవి ముందు గాని, చెవి తమ్మె కింద గాని నొప్పి లేకుండా నెలల తరబడి మెల్లగా పెరిగే గడ్డను గవదబిళ్ళ అని పసుపు పట్టు వెయ్యకండి. గవదబిళ్ళలు అంటురోగం, జ్వరంతో వచ్చి వారం పదిరోజుల్లో తగ్గిపోతుంది. నెలలున్నది గవద కాదు. అటువంటి గడ్డల్లో ఎక్కువభాగం కాన్సరు కానివే గాని, సూది పరీక్ష చెయ్యందే ఎవరూ చెప్పలేరు. ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథి మధ్యలోనుంచే పోతుంది. అంచేత అక్కడి ఆపరేషన్ అనుభవం వున్న సర్జను చేతనే చేయించాలి. గడ్డతోపాటు మూతి ఒక పక్కకు పోయినా, కన్ను మూతపడకపోయినా ఒక్కరోజు కూడా ఆగవద్దు.

ఉమ్మి ఎక్కువై బాధపడేవారు తక్కువ. ఉమ్మి లేక బాధపడేవారు ఎక్కువ. నోరు ఎండిపోవడం, రొట్టె ముద్ద మింగలేక నీళ్ళు తాగడం, రాత్రి లేచి నాలుక తడుపుకోవడం - వీటికి ముందుగా షుగరు పరీక్ష చేయించాలి. నిద్రకు, బి.పి.కి, అలెర్జీకి వాడే కొన్ని మందుల వల్ల కూడా నోరు ఎండుతుంది. మెడకు కరెంటు పెట్టించుకున్నవారికీ వస్తుంది. వీటిలో ఏదీ కాకుండా నోటితోపాటు కళ్ళు కూడా ఎండి, ఇసుక పోసినట్టు గరగరలాడుతుంటే, ముఖ్యంగా నడివయసు స్త్రీలకు, అది షోగ్రెన్ జబ్బు కావచ్చు. స్వీడన్ దేశపు కంటి డాక్టరు హెన్రిక్ షోగ్రెన్ 1933లో దీన్ని వివరించాడు. శరీరపు రక్షణశక్తి పొరపాటున తన గ్రంథులనే కొట్టడం ఇందులో జరుగుతుంది. రక్త పరీక్ష, కంటి పరీక్ష, కింది పెదవి లోపలనుంచి చిన్న గ్రంథి తీసి చూడడం ద్వారా తేలుతుంది. పూర్తిగా పోయేది కాదు గాని, మందులతో, తరచు నీళ్ళు తాగడంతో అదుపులో వుంటుంది. ఉమ్మి లేని నోట్లో పళ్ళు త్వరగా పుచ్చిపోతాయి కాబట్టి ఫ్లోరైడ్ పేస్టు, ఆరు నెలలకొకసారి పళ్ళ డాక్టరు దర్శనం తప్పనిసరి.

మరొక విచిత్రం చెబుతాము. గడ్డం మీదో, దవడ అంచునో ఒక కురుపు లేచి చీము కారుతుంది. మందు రాస్తే ఎండుతుంది, నెలకు మళ్ళీ కారుతుంది. చర్మానికి ఎన్ని పూతలు పూసినా మానదు. కారణం చర్మంలో లేదు, పంటి వేరు కొసన వున్నది. ఎప్పుడో దెబ్బ తగిలి గాని, పుచ్చి గాని లోపల చచ్చిపోయిన పన్ను చీము పట్టి, ఎముకను తొలుచుకుని బయటికి దారి చేసుకుంటుంది. ఆ పన్ను ఒక్కనాడైనా నొప్పి పెట్టి వుండకపోవచ్చు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. డాక్టరు కురుపు రంధ్రంలోకి సన్నని మెత్తని పుల్ల పంపి ఎక్సురే తీస్తే, ఆ పుల్ల కొస ఏ పంటి వేరు దగ్గర ఆగితే ఆ పన్నే దోషి. రూట్ కెనాల్ చేసినా, బాగుచెయ్యరాకపోతే పన్ను తీసేసినా, చర్మం మీది కురుపు ఏ పూతా లేకుండా కొద్దివారాల్లో మానిపోతుంది. ముఖం మీద ఒకే చోట మళ్ళీ మళ్ళీ కారే కురుపు వుంటే పళ్ళ డాక్టరును కూడా ఒకసారి అడగండి.

పళ్ళ మీది మచ్చల గురించి తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. గోధుమరంగు పళ్ళున్న పిల్లను "తోముకోలేదా?" అని పదిమందిలో అడగకండి. అది మురికి కాదు, ఫ్లోరైడు. ఆనాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును షార్ట్ మొదలైన డాక్టర్లు 1937లోనే వివరించారు. నల్లగొండ సంగతి లోకమంతా ఎరుగును. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు వుంటే, ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్లో లోపల తయారవుతున్న పళ్ళ మీద ఆ మచ్చ పడుతుంది. ఎంత తోమినా పోదు. బొగ్గుతో, ఇటుక పొడితో రుద్దితే వున్న పింగాణీ కూడా పోతుంది. పైపొరను సన్నగా అరగదీసి, అవసరమైతే పంటి రంగు పూత వేసి డాక్టర్లు మచ్చను కప్పగలరు.

ఇప్పుడు మేము ఈ సభకు రావడానికి అసలు కారణమైన జబ్బు దగ్గరికి వస్తున్నాము. నోరు మూసుకుపోయే జబ్బు.

మా బడిలో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు చక్కగా చదివేవాడు. ఒక ఏడాది అతని 'ఆ' చిన్నదైపోయింది. మధ్యాహ్న భోజనంలో కారం తగలగానే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. రొట్టెను చిటికెడంత ముక్కలు చేసి నోట్లో దోపుకునేవాడు. మేము పిలిచి, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు ఒకదానిమీద ఒకటి నిలువుగా పెట్టి ముందు పళ్ళ మధ్య పట్టించమన్నాము. ఆరోగ్యవంతుడి నోట్లో తన మూడు వేళ్ళూ పడతాయి. అతనికి రెండు పట్టడం కష్టమైంది. బుగ్గ లోపల ఎర్రగా వుండవలసిన చోట పాలరాయిలాగా తెల్లబడింది. అయిదో తరగతి నుంచీ రోజూ తియ్య సుపారీ పొట్లాలు తింటున్నాడు. జర్దా, గుట్కా ముట్టలేదు. తల్లిదండ్రులకు తెలుసు, "సుపారీయే కదా" అనుకున్నారు.

ఈ జబ్బు పేరు సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. కెన్యాలో వుంటున్న అయిదుగురు భారతీయ స్త్రీలలో దీన్ని చూసి ష్వార్ట్జ్ అనే వైద్యుడు 1952లో వర్ణించాడు. మరుసటి ఏడు బొంబాయిలో డాక్టర్ జోషి తన రోగులలో చూసి రాశారు. సముద్రం దాటినా తాంబూలం వెంటపోయింది, జబ్బూ వెంటపోయింది. వక్కలో అరెకోలిన్ అనే పదార్థం వున్నది. అది బుగ్గ లోపలి కణాలను రెచ్చగొట్టి నారలాంటి గట్టి పదార్థాన్ని అతిగా తయారు చేయిస్తుంది. మెత్తగా సాగవలసిన పొర తోలుపట్టీలాగా బిగుస్తుంది. మొదట కారం మంట, తరువాత తెల్లబడడం, తరువాత నోరు చిన్నదవడం, ఈల వెయ్యలేకపోవడం, నాలుక బయటికి చాపలేకపోవడం - ఇదీ వరస.

ఇది అక్కడితో ఆగదు. కేరళలో ఎర్నాకుళం జిల్లాలో 66 మంది రోగులను 17 ఏళ్ళ కాలం కనిపెట్టి చూసి 1985లో ప్రకటించిన పరిశీలనలో 7.6 శాతం మందికి కాన్సరు వచ్చింది. పొగాకు లేని తాంబూలం కూడా కాన్సరు కారకమేనని, వక్క కాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. "మేము జర్దా వేసుకోము, ఉత్త సుపారీయే" అనే మాటకు ఇక విలువ లేదు. 2011 ఆహార భద్రతా నిబంధనలు ఆహారంలో పొగాకు కలపరాదన్నవి. వాటి ఆధారంగానే రాష్ట్రాలు గుట్కాను నిషేధించినవి. ఆ నిబంధన పొగాకుకే గాని, ఉత్త వక్కపొట్లానికి వర్తించదు. దాన్ని ఆపవలసింది మనమే.

అలవాటును బట్టి నోట్లో జబ్బు స్థానం మారుతుందనడానికి మన తెలుగునాటే పెద్ద దృష్టాంతం వున్నది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతపు పల్లెల్లో, ముఖ్యంగా స్త్రీలు, చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టుకుని తాగే అలవాటును అడ్డపొగ అంటారు. వేరేచోట్ల అరుదైన అంగిలి కాన్సరు వారిలో కనబడుతుందని ఖనోల్కర్, సూర్యాబాయి అనే బొంబాయి పరిశోధకులు 1945లో రాశారు. ఆంధ్రలో 10,169 మంది గ్రామీణుల అంగిలి పరీక్షించిన పరిశీలన 1971లో వచ్చింది. నిప్పు తగిలేచోట అంగిలి, వక్క దాచుకునేచోట బుగ్గ. డాక్టరు దగ్గర అలవాటు దాచవద్దని ఇందుకే చెబుతున్నాము. మన ఆడవాళ్ళు సిగ్గుపడి చెప్పరు. చెప్పకపోతే ఎక్కడ వెతకాలో డాక్టరుకు ఎట్లా తెలుస్తుంది?

ఆ అబ్బాయికి ప్రభుత్వ దంత వైద్యశాలలో చికిత్స జరిగింది. మొదటి మందు వక్క మానడం. అది లేకుండా తక్కినవి వృథా. బుగ్గల్లో కొన్ని వారాలు ఇంజక్షన్లు ఇచ్చారు. ఐస్‌క్రీమ్ పుల్లలు పేర్చి పళ్ళ మధ్య పెట్టుకుని, కొన్నాళ్ళకొక పుల్ల చొప్పున పెంచుతూ రోజూ వ్యాయామం చేయించారు. ఏడాదికి రెండున్నర వేళ్ళ దాకా వచ్చింది. పూర్తిగా మూడు రాలేదు. వచ్చిన నార పూర్తిగా పోదని డాక్టరు ముందే చెప్పారు. ఇప్పుడు కారం తినగలుగుతున్నాడు. ఆరు నెలలకొకసారి చూపించుకుంటున్నాడు. నోరు ఒక వేలికి తగ్గిన వారికి పట్టీలు కోసి, వేరేచోటి కండతో కప్పే ఆపరేషన్ చేస్తారు. ఆ తరువాత కూడా నెలల తరబడి వ్యాయామం చెయ్యకపోతే మళ్ళీ మూసుకుపోతుంది.

చివరిగా ముక్క పరీక్ష సంగతి. అనుమానం వున్న మచ్చనుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతామంటే మనవాళ్ళు ఆస్పత్రి మార్చేస్తారు. "కత్తి తగిలితే కాన్సరు పాకుతుంది" అనే భయం. ఇది నిజం కాదు. ముక్క తియ్యడం వల్ల నోటి కాన్సరు పుట్టదు. భయపడి పోగొట్టుకున్న ఆరు నెలల్లో మాత్రం మెడలోకి పాకుతుంది. తొలిదశలో దొరికితే చాలామందికి ఒక్క ఆపరేషన్‌తో సరిపోతుంది. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్యశాల, రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆస్పత్రి వున్నవి. విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత కళాశాలలున్నవి. రెండు రాష్ట్రాల ప్రభుత్వ ఆరోగ్య పథకాల్లోనూ కాన్సరు చికిత్స వున్నది. కార్డు వెంట తీసుకుపోండి, తోడు ఒకరు వెళ్ళండి.

పాన్‌దాన్ మన ఇళ్ళ మర్యాద. నానీ చేతి పాన్ తిననివాడు ఈ సభలో వుండడు. పెద్దలను కించపరచడానికి మేము రాలేదు. సంఘానికి మూడు విన్నపాలు మాత్రం చేస్తున్నాము. ఒకటి, మన వలీమాల్లో, సభల్లో పళ్ళెంలో సుపారీ బదులు సోంపు, యాలకులు పెడదాం. పిల్లల చేతికి సుపారీ పొట్లం ఇవ్వడం ఈ రోజునుంచే మానేద్దాం. రెండు, ఏడాదికి ఒకసారి దంత కళాశాల డాక్టర్లను పిలిచి స్త్రీలకు, పురుషులకు వేరువేరుగా నోటి పరీక్షా శిబిరం పెడదాం. మూడు, ముక్క పరీక్ష కావాలన్న ప్రతి బీదవానికి దారి ఖర్చు సంఘమే ఇవ్వాలి. ఆస్పత్రికి రెండోసారి పోలేక ఆగిపోయినవారిని మేము ఎరుగుదుము. ఈ నిధికి మా బడి ఉపాధ్యాయులం ఒకరోజు జీతం ఇస్తున్నాము.

భోజనాలకు వెళ్ళే ముందు ప్రతివారూ ఒకసారి మూడు వేళ్ళూ పెట్టి చూసుకోండి. పట్టనివారు సిగ్గుపడకుండా కార్యదర్శిగారి దగ్గర పేరు రాయించండి. సోమవారంనాడు వారి వెంట మేమే వస్తాము.